కడుపులోని మంద

అన్నయ్యకు నమస్కరించి రాయునది,

మీ బావ పరిస్థితి నువ్వు కళ్ళారా చూసి వెళ్ళావు. కాలి పుండుకు వాడిన ఘాటు మందులు పుండును మాన్పాయి గానీ, పేగుల్లో ఉండాల్సిన మంచి సూక్ష్మజీవులనూ తుడిచిపెట్టాయి. ఆ ఖాళీలో చెడ్డవి కాపురం పెట్టాయి. ఏం తిన్నా నిలవడం లేదు. ఊరందరి తాళాలు బాగుచేసిన మనిషికి ఇప్పుడు తాళంచెవి తిప్పే ఓపిక కూడా లేదు.

ఆ రోజు డాక్టరు నీకూ పరీక్షలు చేశాడు కదా. తాగుడు, పొగ, మాత్రల అలవాటు లేనివాడివి, బంధువుల్లో నువ్వొక్కడివే ఆయనకు పనికొస్తావట. కానీ నీ పేగుల్లోనూ మంచివి పలచగా ఉన్నాయట. బోధకుడివని ప్రార్థనకు పిలిచిన ప్రతి ఇంట్లోనూ నీకు వెన్న, వేపుళ్ళు, కొవ్వు మాంసమే కదా. కొవ్వు ఎక్కువైతే దాన్ని అరిగించడానికి పైత్యరసం ఎక్కువ ఊరుతుంది. ఆ చేదును చెడ్డవి తట్టుకుంటాయి, మంచివి తట్టుకోలేవు. అవన్నీ తగ్గించు. నువ్వు ఇవ్వాల్సిందేమిటో తర్వాత రాస్తాను. ఇప్పుడు చేయి రావడం లేదు.

నీ చెల్లెలు

తా.క. "మీ అన్న నోట్లోంచి వచ్చిందేదీ ఇన్నేళ్ళలో నాకు పనికిరాలేదు, ఇంకెక్కణ్ణుంచి వచ్చింది పనికొస్తుంది" అని అడుగుతున్నారు ఆయన.

చెల్లాయికి దీవెనలు,

శత్రువు దొరికాడు. నేనిన్నాళ్ళూ వాణ్ణి వీధుల్లో వెతికాను, వాడు నా కంచంలో కూర్చున్నాడు. కొవ్వంతా బలిపీఠం మీద దహించమని పూర్వులకు ఆజ్ఞ ఉంది. తెలిసీ తిన్నాను. ఇంట్లో నూనెచుక్క లేకుండా చేశాను. అంతటితో ఆగక పూర్తి ఉపవాసం మొదలుపెట్టాను. ఆదివారం గోదాము మేడమీద మన ప్రార్థన కూటంలో, మీ కడుపులో కోటానుకోట్ల నోరులేని ప్రాణాలున్నాయి, వాటికి మీరే కాపరులు అని గర్జించాను. జనం కదిలిపోయి ఇళ్ళకెళ్ళి వెన్నా నూనే కాలవలో పారబోశారు.

బావకు కావలసింది రక్తమని గ్రహించాను. ఎంత కావాలంటే అంత తీసుకోమను.

నీ అన్న

తా.క. కాలవ పూడుకుపోయింది. పారిశుద్ధ్యం మేస్త్రీ వచ్చి, "మీ దేవుడికి గొట్టాల సంగతి తెలియదా అయ్యా" అని అడిగాడు.

అన్నయ్యకు,

ఉపవాసం వెంటనే మాను. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకునే రకం నువ్వు. మేత వేయకపోతే మంద ఏమవుతుంది? ఆకలేస్తే అవి పేగు గోడకున్న జిగురుపొరనే కొరుక్కుతింటాయట. వాటి మేత పప్పులు, ఆకుకూరలు, పొట్టు తీయని గింజలు, పండ్లు. నూనె అంతా పాపం కాదు. చేపల్లో, గింజల్లో ఉండే కొవ్వు మితంగా తింటే మేలేనట. పేరుకునే కొవ్వుతో, మరిగించి మరిగించి వాడిన నూనెతోనే పేచీ.

కావలసింది రక్తం కాదు. ఇంకా లోపలిది.

నీ చెల్లెలు

తా.క. ఆయన నిన్నటి నుంచి గంజి కూడా ముట్టలేదు.

చెల్లాయికి,

సిగ్గుపడ్డాను. రాజుగారి బల్ల మీది మాంసం వద్దని పప్పులు తిని, అందరికన్నా కళగా తేలిన ఆ నలుగురు కుర్రాళ్ళ గురించి ఎన్నోసార్లు బోధించాను. బోధించి వెళ్ళి వేపుడు తిన్నాను. ఇప్పుడు మూడు పూటలా పప్పే. మీ వదిన కిటికీలన్నీ తెరిచి పెడుతోంది.

లోపలిది అన్నావు. మూత్రపిండమన్నమాట. భయం లేదని అబద్ధమాడను. బట్టలు కుట్టి బతికేవాణ్ణి, మిషను దగ్గర కూర్చుంటే సూదిలో దారం ఎక్కలేదు. అయినా ఇస్తాను. నా రెండు మూత్రపిండాల్లో శ్రేష్ఠమైనది నా బావకు ఇస్తున్నానని కూటంలో ప్రకటించాను. అందరూ ఏడ్చారు. ఇచ్చాక సాక్ష్యం చెబుతానని మాటిచ్చాను.

నీ అన్న

తా.క. డాక్టరు చెప్పిన పరీక్షశాలకు మళ్ళీ వెళ్ళాను. వాళ్ళు నా రక్తం కన్నా నా మలం మీదే ఎక్కువ శ్రద్ధ చూపించారు. ఈ కాలం చదువులు నాకు అంతుపట్టవు.

అన్నయ్యకు,

పరీక్ష బాగా వచ్చింది. మంచివి ఒత్తుగా పెరిగాయి. ఇక దాచలేను. కావలసింది మూత్రపిండం కాదు. పరీక్షశాలవాళ్ళు శ్రద్ధ చూపించినదే. నీ మంద ఉండేది అందులోనే. డాక్టరు దాన్ని కలిపి, వడగట్టి, గొట్టంతో ఆయన పేగుల్లోకి పంపుతాడు. శ్రేష్ఠమైనదని నువ్వు చాటించాక ఈ సంగతి ఎలా రాయాలో నాకు తోచలేదు.

ఆయన ససేమిరా అన్నారు. "చస్తే చస్తాను గానీ, మీ అన్న దీని మీద జీవితాంతం ప్రసంగాలు చేస్తాడు" అన్నారు. చివరికి ఒక్క షరతుకు ఒప్పుకున్నారు. దీని గురించి నువ్వు ఎక్కడా ఒక్క మాట కూడా అనకూడదు.

నీ చెల్లెలు

తా.క. అన్నయ్యా, నాకు ఆయన కావాలి.

చెల్లాయికి,

ఉత్తరం చదివాక ఆ పూట మిషను తొక్కలేదు. మూత్రపిండమైతే సులువుగా ఉండేది. ఒకటి కోసిచ్చి, మిగిలిన దానితో బతికినన్నాళ్ళూ ఆ సంగతి చెప్పుకునేవాణ్ణి. బావ నన్ను బాగా ఎరిగినవాడు. నేను వదులుకోలేనిదేదో అదే అడిగాడు. సరే, నోరు మూసుకున్నాను.

ఆదివారం మేడ నిండిపోయింది. కుడిచేయి చేసిన దానం ఎడమచేతికి తెలియకూడదని చెప్పి కూర్చున్నాను. రేపు పొద్దున బస్సుకు వస్తున్నాను.

నీ అన్న

తా.క. ఆ లేఖనం కూడా ఇక్కడ సరిగ్గా అతకదు. ఈ ఒక్క దానం మాత్రం ఎడమచేతికే ముందు తెలుస్తుంది.

బావా,

ఇది నీ చెల్లెలు రాసింది కాదు, నేనే రాస్తున్నాను. చేతికి సత్తువ వచ్చింది. తిన్నది నిలుస్తోంది. నిన్న కొట్టు తెరిచి, తుప్పు పట్టిన ఇనప్పెట్టె తాళం ఒకటి తీశాను. వేపుడు వాసన వస్తే ముఖం తిప్పుకుని పప్పు కలుపుకుంటున్నాను. నీవాళ్ళు నాలో కాపురముంటుంటే వాళ్ళను పస్తు పెట్టడం మర్యాద కాదు.

నీకు నిజంగానే మూత్రపిండం పోయిందనుకుని మీ కూటంవాళ్ళు నిన్ను కుర్చీ కూడా ఎత్తనివ్వడం లేదట. నెలల తరబడి నువ్వు కిక్కురుమనలేదట. నీ చెల్లెలు చెబితే నమ్మక, నీ భార్యను అడిగి తెలుసుకున్నాను. నువ్వు మాట్లాడకుండా ఉండగలవని నేనెప్పుడూ అనుకోలేదు. అన్నం ముందు కూర్చుని చాలాసేపు అదే ఆలోచించాను.

షరతు తీసేస్తున్నాను. ఆదివారం ఉన్నదున్నట్టు చెప్పేసెయ్. ఇన్నేళ్ళూ రానివాణ్ణి, నేనూ వస్తున్నాను. ముందు బెంచీలో చోటుంచు.

నీ బావ

తా.క. భోజనాల వేళకు ముగించు. ఇప్పుడు ఆకలితో కూర్చునేది నేనొక్కణ్ణే కాదు.