కవలల ఫారాల్లో రెండో గడి

14 జూలై 1978, శుక్రవారం

కాళ్లు పీకేస్తున్నాయి. శాలిబండ గల్లీల్లో కవల పిల్లల ఇళ్లన్నీ మళ్లీ తిరగడం ఇవాళ్టితో పూర్తయింది. ఐదేళ్ల కిందట ఇవే ఇళ్లలో నేను నింపిన ఫారాల్లో ఒకే పోలికున్న కవలల కోపాలు కలిశాయి, పోలికలు లేని కవలలవి కలవలేదు; దాన్ని బట్టే, కోపం పుట్టుకతో వస్తుందని మా ప్రొఫెసర్ గారు వ్యాసం అచ్చు వేయించారు. ఈసారి ఫలితం అలా రావడం లేదు. పిల్లలు ఎదిగి మారారులే అని సర్దిచెప్పుకుంటూ వచ్చాను.

ఆఖరి ఇల్లు యాదమ్మది. ఈసారి అన్ని ఇళ్లలో చేసినట్టే, ఒకే పోలికున్న ఆమె కవలలిద్దరి గురించీ వేరువేరు రోజుల్లో అడిగాను. మొన్న పెద్దవాడు రాములుకు ముక్కు మీదే కోపం అంది. ఇవాళ చిన్నవాడి గురించి అడిగితే, "లచ్చయ్యనా? వాన్ని ఎవరేమన్నా సప్పుడు జెయ్యడు మేడం," అంది.

"ఐదేళ్ల కిందట ఇద్దరికీ ఒకటే కోపం అన్నావు కదా?"

"నేనేడన్న? మీరు పెద్దోని గురించే అడిగిన్రు. చిన్నోడు గూడ గంతేనా అంటే తలూపిన. పొయ్యి మీద అన్నముండె."

ఇంటికి వచ్చి పాత ఫారాలు తీశాను. అచ్చుగుద్దినట్టుండే కవలల ఫారాల్లో రెండో పిల్లవాడి గడి నిండా నా చేత్తో పెట్టిన డిటో గుర్తులే. పోలికలు లేని కవలల దగ్గర మాత్రం ఇద్దరి గురించీ ఓపిగ్గా విడివిడిగా అడిగి రాశాను. తేడా అంతా అక్కడే పుట్టింది.

సోమవారం సార్‌కి చూపించాలి. కొత్త ఫారాలు తిరగేసి, "ఈసారి ఎక్కడ పొరపాటు చేశావమ్మా?" అనే అడుగుతారు.