నాకు నయమైనదని నేనే పెట్టిన సంతకం

మహారాజశ్రీ ఆసుపత్రి పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,

కార్వేటినగరం దగ్గరి పల్లె కాపురస్తుడు, వృత్తి ఎముకలకు కట్టు కట్టుట, వయస్సు డెబ్బది ఒకటి, ఆదిమూలం వ్రాసుకొన్న అర్జీ. (ఆసుపత్రి పేరు కవరు మీద వ్రాసితిని. రెండుచోట్ల వ్రాయుటకు చెయ్యి నిలవడం లేదు.)

అయ్యా,

విషయం: నాకు మనోవ్యాధి పూర్తిగా నయమైనదని నేను స్వహస్తముతో ఇచ్చిన కాగితమును రద్దు చేసి, నన్ను మరల రోగిగా చేర్చుకొనుట గురించి.

1. నిరుడు కార్తీకమాసం మొదలుకొని నాకు ఏ పనియందును మనసు నిలవక, తిండి సహించక, ఊరికే ఏడుపు వచ్చుచుండెను. కారణము లేదు. ఈ ముక్క ప్రత్యేకముగా మనవి చేయుచున్నాను, ఎందుకంటే చూసినవారందరూ అదే అడిగారు. ఇంట్లో చావు లేదు, కోర్టులో దావా లేదు, ఆ ఏడు మా నాలుగు మామిడిచెట్లూ విరగగాసినవి. అయినను విరిగిన చేతితో వచ్చినవాని ఎముక సవరించి, కోడిగుడ్డు తెల్లసొన పట్టించి, వెదురు దబ్బలు పెట్టి కట్టు చుట్టుచుండగా, నొప్పికి వాడు ఏడవక మునుపే నేను ఏడ్చేవాడిని. వైద్యుడే ఏడిస్తే రోగికి ధైర్యం ఎవరు చెబుతారని నా భార్య దేవకమ్మ నన్ను తమ ఆసుపత్రికి తోడుకొని వచ్చినది.

2. మంగళవారాలలో తమ ఆసుపత్రికి వచ్చు మానసిక వైద్యురాలు డాక్టర్ రూపశ్రీ గారు నన్ను అరగంట కూర్చోబెట్టి, చీటీ వెనుక బొమ్మ గీసి వివరించిరి. మెదడులో ఒక నరకణమునకు, ఎదుటి నరకణమునకు నడుమ సన్నని సందు ఉన్నదట. ఇవతలిది సెరటోనిన్ అను రసాయనమును ఆ సందులోకి వదులును. అవతలిది అందుకొనును. వదిలినదే మిగిలినదానిని మళ్ళీ తనలోకి లాగుకొనును. నాకు ఇచ్చిన మాత్ర ఆ లాగుకొనుటను ఆపును. నాకు అర్థమైనది ఏమనగా, పెళ్ళి పంక్తిలో పాయసం వడ్డించువాడు గరిటె వంచీ వంచకమునుపే ఎత్తేస్తుంటే, ఈ మాత్ర వాని మణికట్టు పట్టుకొని "ఉండప్పా, విస్తరిలో పడనీ" అని నిలిపినట్లు. ఆమె నవ్వి, అంతే అనుకొమ్మన్నారు.

సెరటోనిన్ తక్కువైనందుననే నాకీ జబ్బు వచ్చినదా అని అడిగితిని. అంత సులువుగా తేల్చి చెప్పలేమనియు, మాత్ర చాలామందికి పని చేయుట చూస్తున్నామే గాని లోపల ఎట్లెట్లు పని చేయునో పెద్దలు ఇంకా వెతుకుతూనే ఉన్నారనియు చెప్పిరి. తెలియనిది తెలియదని చెప్పిన డాక్టరును నేను అదే మొదలు చూచుట. ఆ రసాయనంలో నూటికి తొంభై పాళ్ళు మెదడులో కాదు, పేగులలో ఉండునని కూడా సెలవిచ్చిరి. ఇంటికి వస్తూ దేవకమ్మ, "అందుకేనా నీకు కడుపు నిండితే గానీ బుద్ధి పుట్టేది లేదు" అన్నది. అర్జీకి దీనితో సంబంధం లేదు. కొట్టివేయుటకు మనసొప్పక ఉంచితిని.

(ఇక్కడ లేచి పెరట్లో రెండు చుట్లు తిరిగి వచ్చి వ్రాయుచున్నాను. సిరా రంగు మారినచో మన్నించవలెను, మొదటి కలము యాడనో పెట్టితిని.)

3. మాత్ర మింగిన దినమే సెరటోనిన్ పనిలో తేడా వచ్చునట. మనసు తేరుకొనుటకు మాత్రము మూడు నాలుగు వారములు పట్టునట. మొదటి వారం వికారము, కాళ్ళు ఒకచోట నిలవకపోవుట ఉండవచ్చునట, అదియు నిజమే అయినది. ఈ ఆలస్యము ఎందుకని ఆమె చెప్పబోగా, నేనే అందుకొని, "అమ్మా, మా పనీ అంతే. కట్టు కట్టేది ఈ దినం. ఎముక అతికేది నెల దాటినాక. కట్టు ఎముకను అతికించదు, ఎముకే అతుక్కొంటాది, కట్టు కదలకుండా పట్టుకొంటాది" అన్నాను. ఆమె కలము పక్కన పెట్టి, "తాతా, ఈ మాట నేను మిగతావాళ్ళకు చెప్పుకోవచ్చా?" అన్నారు.

అయ్యా, నేను చదివినది ఐదో తరగతి. పై చదువంతా వేరుశనక్కాయల పొట్లాలు విప్పి, ఆ కాగితములు చదివినది. అట్టి నా మాటను ఎంబీబీయస్ పైన చదివినామె అడిగి తీసుకొన్నది. ఆ దినము నాకు తల తిరిగినది మాత్రవల్ల కాదు.

4. నాలుగో నెలకు నాకు బాగైనది. ఏడుపు లేదు, అన్నం రుచి తెలిసినది, చెయ్యి పట్టితే ఎముక యాడ తప్పిందో మునుపటివలె వేళ్ళకు తెలియుచుండెను. బాగైన తరువాత కూడా కొన్ని నెలలు వాడవలెననియు, ఆపవలసివస్తే తానే కొద్దికొద్దిగా తగ్గించి ఆపెదననియు డాక్టరమ్మ గారు నాకు రెండుమార్లు చెప్పియున్నారు. ఇది నేను వినలేదని ఎన్నడును అనను.

అట్లుండగా ఒక మంగళవారం మందుల వరుసలో నిలబడియుంటిని. వెనుక నుండి ఎవరో భుజం తట్టినారు. చెంగయ్య. మూడేళ్ళ క్రితం వాని మోకాలు నేను సరిచేసితిని. వాడు నన్ను, కిటికీ మీది "మానసిక వ్యాధుల మందులు" అను బోర్డును మార్చి మార్చి చూసి, "ఏం పెద్దాయనా, పుత్తూరు కట్టు కట్టే నువ్వే ఈడికొస్తే మేము యాడికి పోవల్ల?" అన్నాడు. పరిహాసమే. కాని వానికి పది ఊళ్ళలో చుట్టాలు. మనసు జబ్బు మాత్రలకు నిలబడినవాని చేతికి విరిగిన చెయ్యి ఎవరిస్తారు? సంతకం పెట్టవలసిన పని ఒకటి ఉండి వచ్చితినని చెప్పినాను. చెప్పిన అబద్ధమును నిజము చేయుటకు నేరుగా రికార్డుల గదికి పోయితిని.

అక్కడి గుమాస్తా మునిచంద్ర మంచివాడు. వాని మీద ఫిర్యాదు లేదు. "తాతా, డాక్టరమ్మను ఒక మాట అడిగినావా? నయమైందని నువ్వు రాసిస్తే ఫైలు మూసేస్తా. మళ్ళా తెరిసేది నా సేతిలో ఉండదు. బాగా సూసుకో" అన్నాడు. చూచుకొంటిని. మా వంశంలో కట్టు ఎప్పుడు విప్పవలెనో ఇంకొకరిని అడిగిన ఆచారం లేదు. అతికిన చోట బొటనవేలితో నొక్కుతాము, రోగి ముఖం చూస్తాము, అంతే. సంతకము చేసితిని. కట్టు విప్పిన దినము టెంకాయ కొట్టుట మా ఇంటి పద్ధతి. ఇంటికి పోయి నాకు నేనే టెంకాయ కొట్టుకొని, మిగిలిన మాత్రలను పేడదిబ్బలో వేసితిని.

మెదడును ఎక్కడ నొక్కి చూడవలెనో నాకు తెలియదని అప్పుడు నాకు తోచలేదు. నేను చేసిన తప్పు ఇది ఒక్కటే. మిగిలినవన్నియు దీని పిల్లలు.

5. నాలుగో దినము నుండి, కన్ను పక్కకు తిప్పితే చాలు, తలలో కరెంటు తీగ తగిలినట్లు జిల్లుమనెను. ప్రతిదానికి కోపము వచ్చుచుండెను. రెండు వారములకు అది తగ్గినది. గెలిచితిననుకొంటిని. నెల తిరిగేసరికి పాతది వచ్చినది. ఈసారి ఏడుపుగా రాలేదు, కాళ్ళలోకి వచ్చినది. కూర్చుంటే లేవాలి, లేస్తే నడవాలి, నడిస్తే ఎక్కడికని తెలియదు. ఒక బిడ్డ మణికట్టు విరిగి తల్లితో వస్తే, పట్టుకొన్న చెయ్యి మధ్యలో వదిలి వాకిట్లోకి పోయితిని. ఆ తల్లి బిడ్డను తీసుకొని వెళ్ళినది. అదే మొదలు నేను ఎవరి చెయ్యీ పట్టలేదు.

6. మునిచంద్ర దగ్గరకు పోయితిని. కంప్యూటరులో "నయమైనది, ముగిసినది" అని ఉన్నదట. అదే ఆధార్ నంబరు మీద కొత్త చీటీ ఇయ్యబోతే ఒప్పుకోవడం లేదట. తెరవవలెనన్న తమ సంతకం కావలెనట. చీటీ లేనిదే డాక్టరమ్మ గదిలోకి పంపరట. మందుల అంగడిలో అడిగితే చీటీ చూపమన్నారు. అది న్యాయమే.

తిరుపతికి పోయి ప్రైవేటులో చూపించుకోరాదా అని తమరు అడుగవచ్చును. బస్సు ఎక్కితిని. పుత్తూరు రాకమునుపే నిలపమని కేకవేసి దిగితిని. వెనుక బస్సు ఎక్కి, వడమాలపేటలో దిగితిని. మూడో బస్సు ఎక్కలేదు. ఎండలో నడిచి నడిచి పోవుచుండగా, ఎవరో మోటారుసైకిలు మీద ఇంటికి చేర్చిరి.

7. ఈ అంశము వ్రాయవలెనా వద్దా అని మూడుమార్లు లేచితిని. పోయిన శుక్రవారము మా దేవకమ్మ పెరటి బావి చుట్టూ ముళ్ళకంప వేయించినది. కోతులు పడుతున్నాయని ఇరుగుపొరుగుకు చెప్పినది. మా ఊళ్ళో కోతులు లేవు. నేను నడుస్తుంటే పది అడుగుల వెనుక ఆమె నడుచుచున్నది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. వాటికి కట్టు లేదు.

కావున తమరు దయతలచి,

నా సంతకమును చెల్లనిదిగా భావించి వచ్చే మంగళవారమునకే చీటీ ఇప్పించవలెననియు, వరుసలో నేను నిలబడలేను కాబట్టి నా బదులు నా భార్య నిలబడుటకు, నేను ఆవరణలో తిరుగుటకు అనుమతి ఇయ్యవలెననియు ప్రార్థించుచున్నాను. డాక్టరమ్మ గారు ఏ మాత్ర ఇచ్చినను, ఎన్నాళ్ళు వాడమన్నను వాడెదనని ఇందుమూలముగా వ్రాసి ఇచ్చుచున్నాను. చెంగయ్య మళ్ళీ భుజం తట్టితే ఈసారి నిజము చెప్పెదను.

నా వ్రాతలోని వంకరలు మన్నించి, వచ్చే మంగళవారమును మాత్రము చిత్తగించవలెను.

ఇట్లు,
నిలకడ తప్పిన తమ విధేయుడు,
ఆదిమూలం

తా.క.: కవరు అంటించబోతూ అంతా దేవకమ్మకు చదివి వినిపించితిని. ఆమె బియ్యం చెరుగుతూ మొత్తం విన్నది. చేట కింద పెట్టి, "పాయసం రాసినావు, టెంకాయ రాసినావు, కోతులను రాసినావు. నీకు బతకాలని ఉండాదని యాడా రాయలేదే" అన్నది.

రాస్తా ఉండాను సార్. ఉండాది.