జెముడుకాకి రాని పొద్దున

నవంబరు 4, మంగళవారం

ముప్పై ఏళ్ళ కిందటి పొద్దున ఒకటి ఇవాళంతా వెంట తిరుగుతోంది. విశేషమేమీ లేని పొద్దున. ఇలాగే కార్తీకం. చీకటితోనే తలస్నానం, తులసి దగ్గర దీపం. కళ్ళాపి చల్లి మెలికల ముగ్గు వేశాను. ఒక మెలిక తప్పితే చెరిపి మళ్ళీ వేశాను, అదీ గుర్తుంది. పొయ్యి మీద పెద్ద డేగిసాలో ఎసరు. ఆ రోజు పత్తి తీతకు ఇరవై మంది కూలీలు. మధ్యాహ్నానికి వాళ్ళందరికీ అన్నం, గోంగూర పప్పు. లోపలి గదిలో అమ్మ. పక్షవాతం వచ్చి ఏడాది. అన్నీ మంచంలోనే. చెల్లెలు పద్మ అప్పటికే జడ వేసుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, గుమ్మం పక్కన రేకుపెట్టె పెట్టుకుని కూర్చుంది. టీచరు ట్రైనింగులో సీటు వచ్చింది. నాన్నతో వెళ్ళి చేరాలి.

నాన్న కండువా దులుపుకుంటూ అన్నాడు, "పోయి చూసి రామ్మా, పెద్దాయన వచ్చాడేమో."

పెద్దాయన అంటే జెముడుకాకి. నల్లటి ఒళ్ళు, ఇటుక రంగు రెక్కలు, ఎర్రటి కళ్ళు. మా తాత కళ్ళూ అంత ఎర్రగా ఉండేవట. ఆయన పోయాక కంచె మీద ఆ పక్షి కనబడిందట. అప్పటినుంచీ ఇంట్లో ఎవరూ దాన్ని పక్షి అనరు. మంచి పని మీద ఎవరు బయలుదేరినా, ఇంటి పెద్దకూతురు స్నానం చేసి దొడ్లో తూర్పు ముఖంగా నిలబడి చూడాలి. అది కుడికి పోతే బయలుదేరాలి. ఎడమకు పోతే ఆ రోజు కదలకూడదు.

నిలబడ్డాను. బర్రె నెమరేస్తోంది. కంపకంచె మీద దొండతీగ, దాని మీద మంచు. చాలాసేపు... ఏమీ రాలేదు. పిచ్చుక కూడా లేదు.

లోపలికి వచ్చి, ఎడమకు పోయిందని చెప్పాను.

ఒక్క రోజు. పద్మ ఒక్క రోజు ఉంటే ఆ వంటా, అమ్మా గడుస్తాయనుకున్నాను. చేరడానికి అదే ఆఖరి రోజని నాన్నకు తెలుసు. పద్మకూ తెలుసు. నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. తెలిసీ ఇద్దరూ ఆగిపోయారు — పెద్దాయన వద్దన్నాడు కదా. మర్నాడు వెళితే సీటు ఇంకొకరికి ఇచ్చేశారు.

ఇన్నేళ్ళ దీపాల్లో శివయ్యకు కూడా ఈ మాట చెప్పలేదు. ఈ కాగితానికే మొదలు.

ఇవాళే ఎందుకంటే — సాయంత్రం పద్మ వచ్చింది. రొంపిచెర్ల నుంచి, వాళ్ళాయన, మా మరిదితో. సంచిలో రిపోర్టులు.

నవంబరు 5, బుధవారం

పౌర్ణమి. ఉపవాసం. దీపాలు పెట్టాను.

రొమ్ములో గడ్డ. మంచిది కాదట. గుంటూరు డాక్టరమ్మ వెంటనే ఆపరేషన్ అన్నారట. రిపోర్టులోని ఇంగ్లీషంతా పద్మే చదివింది, తనే ఒక్కో మాటకూ అర్థం చెప్పింది. తమ్ముడు శ్రీను, మరదలు సుజాత, నేను బడి బల్ల మీద పిల్లల్లా విన్నాం. వేరే ఎవరి రిపోర్టో అయినట్టు. చివర్న "అర్థమైందా?" అని కూడా అడిగింది.

టీచరు అయ్యుంటే బాగా చెప్పేది. ఇప్పుడూ చెబుతుంది — రొంపిచెర్లలో వాళ్ళ వసారాలో, చుట్టుపక్కల పిల్లలకు, ఊరికే.

నవంబరు 6, గురువారం

మరిది కోటేశ్వరరావు నన్ను పక్కకు పిలిచాడు. ఆసుపత్రికి రానంటోందట. పది రోజులుగా అదే మాట. పెద్దాయన కుడికి పోతేనే కదులుతుందట. అదీ పుట్టింటి దొడ్లోనే, అదీ నేను చూసి చెబితేనే.

"ఆ పిట్ట సంగతి నువ్వే తేల్చు వదినా. నా మాట వినదు. గ్యాసు బండ మార్చాలన్నా క్యాలెండరు చూసే మనిషి."

నవ్వించబోయాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

నాన్న ఉన్నన్నాళ్ళూ ఎవరు ప్రయాణమైనా నన్నే చూడమనేవాడు. ఆ పొద్దున తర్వాత నేను వెళ్ళలేదు. జ్వరమనో, మడి చెడిందనో ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. నాన్న పోయాడు, ఆ ఆచారమూ పోయిందనుకున్నాను. పద్మ ఒక్కతే దాచుకుంది.

నవంబరు 7, శుక్రవారం

అయిదున్నరకు దొడ్లో నిలబడ్డాను. రాలేదు.

నవంబరు 8, శనివారం

రాలేదు.

ఎలా వస్తుంది? ఉగాది ముందు శ్రీను కంపకంచె కొట్టించి గోడ కట్టించాడు. సిమెంటు గోడ, పైన గాజుపెంకులు. ఆ పక్షి ఉండేది కంపలో. తమ్ముడికి ఆ మాట చెబితే తల వంచుకున్నాడు. "నాకేం తెలుసక్కా. పాములొస్తన్నాయని కొట్టించా."

సుజాత టీ ఇస్తూ, "దానికి ఫోనుంటే నేనే చేద్దును వదినా," అంది. తర్వాత గొంతు తగ్గించి... వచ్చిందని, కుడికి పోయిందని చెప్పెయ్యమంది. ఒక్క మాట. ఎవరికి నష్టం?

 ఒక్క మాట ఎంత దూరం పోతుందో తనకు తెలియదు.

నవంబరు 10, సోమవారం

కోటప్పకొండ. పద్మ మెట్లెక్కలేనంది, ఘాట్ రోడ్డులో ఆటో మీద వెళ్ళాం. జనం. ఈ కొండ మీద కాకి వాలదంటారు. చిన్నప్పుడు అమ్మ చెబితే తలెత్తి ఆకాశమంతా వెతికేవాళ్ళం, నేనూ పద్మా. ఇవాళా ఇద్దరం ఒకేసారి తలెత్తాం. చూసుకుని నవ్వుకున్నాం.

స్వామి ముందు నిలబడితే ఒకటి తోచింది. ఏ కాకీ వాలని చోట ఈయన ఇన్ని వందల ఏళ్ళుగా అందరి మొరా వింటున్నాడు. మనకే మధ్యలో పక్షి కావాల్సి వచ్చింది.

చెప్పుకుందామనుకున్నాను. పూజారి శఠగోపం పెట్టి ముందుకు జరగమన్నాడు. జరిగాను.

నవంబరు 11, మంగళవారం

రాలేదు.

పక్కింటి మస్తానమ్మ వచ్చింది పద్మను చూడటానికి. పద్మ ఆమెకు ఆ కథే చెప్పింది. ఎన్నోసారో. ఆ రోజు పెద్దాయన ఆపాడు కాబట్టి ఇంట్లోనే ఉన్నానని. సరిగ్గా ఇరవై రోజులకు అమ్మ పోయిందని. తన చేతుల్లో, తను పోసిన నీళ్ళు తాగి. "పోయుంటే అమ్మ ఆఖరి చూపు నాకు దక్కేదా పిన్నీ? ఉద్యోగమేముంది, ఎవరికైనా వచ్చిద్ది."

వంటింట్లో గిన్నె తోముతూ విన్నాను. తోమిన గిన్నెనే మళ్ళీ తోమాను.

నవంబరు 12, బుధవారం

ఇవాళ చెప్పబోయాను. అబద్ధం.

దొడ్లోంచి నేరుగా పద్మ మంచం దగ్గరికి వెళ్ళి, వచ్చింది అన్నాను. లేచి కూర్చుంది. ముఖం చిన్నపిల్ల ముఖమైంది.

"ఎక్కడ వాలింది? గోడ మీదా, మునగచెట్టు మీదా? కళ్ళు చూశావా అక్కా?"

 ఆపరేషన్ బల్ల మీద ఏదైనా జరిగితే... అప్పుడు కూడా నేను పంపినట్టే కదా. మామూలు కాకేమో, మంచులో సరిగా ఆనలేదు అన్నాను. మళ్ళీ పడుకుంది. దుప్పటి తల మీదికి లాక్కుంది.

సుజాత గుమ్మంలో నిలబడి అంతా చూసింది.  మధ్యాహ్నం నాకు అన్నం వడ్డించి, గిన్నె అక్కడే పెట్టి వెళ్ళిపోయింది.

నవంబరు 13, గురువారం

పద్మకు నొప్పి. చెప్పదు. ఎడమ చెయ్యి పైకెత్తడం లేదని నేను గమనించాను. జాకెట్టు గుండీలు సుజాత పెడుతోంది.

నవంబరు 14, శుక్రవారం

వచ్చింది.

దీపం పెట్టి దొడ్లోకి వెళ్ళేసరికి అప్పటికే ఉంది. నేల మీద, బాత్రూము నీళ్ళు పారే కాలువ దగ్గర, మందార చెట్టు కింద. నడుస్తోంది. బరువుగా, పొలం గట్టు మీద రైతులా. ముప్పై ఏళ్ళ తర్వాత అంత దగ్గరగా. ఇటుక రంగు రెక్కలు తడిసి ఉన్నాయి. ఒక నత్తను పట్టింది. రాతికేసి కొట్టింది, ఒకసారి, రెండుసార్లు. పెంకు పగిలింది. తినేసింది. తలెత్తి నన్ను చూసింది — అవే కళ్ళు. ఇదిగో ఇప్పుడు, అనుకున్నాను.

ఎటూ పోలేదు. కుడికీ కాదు, ఎడమకూ కాదు. నా వైపే రెండడుగులు వేసి, గెంతి మునగచెట్టు ఎక్కి ఆకుల్లో కలిసిపోయింది. కాసేపటికి లోపల్నుంచి దాని గొంతు, ఖాళీ కుండలో కొట్టినట్టు. ఎంతసేపు నిలబడినా మళ్ళీ బయటికి రాలేదు.

దానికి నత్త కావాలి. అంతే. మా సీట్లు, మా చావులు దానికేం తెలుసు? నాన్నా, ఇది రాస్తున్నందుకు తప్పుగా అనుకోకు.

పద్మకు చెప్పలేదు. ఏమని చెప్పాలి?

నవంబరు 15, శనివారం

చెప్పాను.

పద్మ వసారాలో నా ముందు కూర్చుంది, తలకు నూనె పెడుతున్నాను. జుట్టు ఇంకా ఒత్తుగానే ఉంది. వైద్యం మొదలయ్యాక ఊడుతుందట — అదీ తనే చెప్పింది మొన్న, పాఠంలా. ముఖం కనబడకపోవడమే నాకు ధైర్యం.

"ఆ పొద్దున పెద్దాయన రాలేదే పద్మా. నేను అబద్ధం చెప్పా."

నా చెయ్యి ఆగలేదు. తన తలా కదల్లేదు.

"ఎందుకు చెప్తావు?"

"ఇరవై మందికి వంట. అమ్మ. ఒక్కదాన్నే చెయ్యలేక. ఒక్క రోజు ఆగుతావనుకున్నా."

నవ్వింది. నిజంగానే నవ్వింది, భుజాలు కదిలేలా. "నన్ను కారెక్కించటానికి ఎన్ని కథలక్కా. శ్రీను గాడు నేర్పాడా, సుజాత నేర్పిందా? చిన్నప్పుడు దొంగతనంగా బెల్లం తిని నువ్వే పోయి అమ్మకు చెప్పినదానివి. నీకు అబద్ధమాడటం రాదు."

మళ్ళీ చెప్పాను. ముగ్గు సంగతి, బర్రె సంగతి, దొండతీగ మీద మంచు సంగతి. ఒట్టు కూడా వేయబోయాను. చెయ్యి పట్టుకుని ఆపింది, నూనె చెయ్యి.

"నువ్వు చూశావు. మర్చిపోయావు. వయసు." ఈసారి నవ్వు లేకుండా — "ఆయన ఆపబట్టే అమ్మ నా చేతుల్లో పోయింది. ఆ ఇరవై రోజులూ అబద్ధమంటావా?"

జుట్టు మూడు పాయలు చేశాను.

జడ అల్లి చివర రబ్బరు బ్యాండు పెట్టాను. ఇన్నేళ్ళూ నిజం చెప్పలేకనే బరువనుకున్నాను. చెబితే తీసుకునే వాళ్ళుంటారనుకున్నాను.

రాత్రి పడుకోబోయే ముందు దీపం దగ్గర స్వామికి కూడా చెప్పాను. ఆయన నమ్మాడో లేదో.

నవంబరు 16, ఆదివారం

పొద్దున గుంటూరు నుంచి ఫోన్. రేపు ఆసుపత్రిలో మంచం ఖాళీ ఉందట, రేపే చేరాలి. తప్పితే మళ్ళీ నెలాఖరుకే. అంతకాలం ఆగితే తమ పూచీ లేదన్నారట. 

పద్మ మధ్యాహ్నమంతా ఒంటరిగా దొడ్లో కూర్చుంది, కుర్చీ వేసుకుని, గోడ వైపు చూస్తూ. పిలిస్తే రాలేదు. ఒకసారి కిటికీలోంచి చూస్తే వేళ్ళతో ఏదో లెక్క పెట్టుకుంటోంది. కూలీలనా? రోజులనా? అడగలేదు.

సాయంత్రం దీపాలయ్యాక అందరం వసారాలో. శ్రీను మొదలుపెట్టాడు — ఇంకేమీ వినేది లేదు, రేపు పొద్దున ఎత్తుకునైనా కారులో పడేస్తానన్నాడు. పడెయ్యి, అక్కడ సంతకం ఎవరు పెడతారో చూద్దాం, అంది పద్మ. కాయితం మీద తన సంతకం తనదే కదా. సుజాత ఏడుపు. మరిది తల పట్టుకున్నాడు. ఎవరూ నా వైపు చూడటం లేదు, అందరూ నా మాట కోసమే ఆగారు. నిన్న పద్మకు చెప్పింది అందరికీ చెప్పాను. రెండు ముక్కల్లో. శ్రీను నేల చూశాడు. నమ్మాడో, నటన అనుకున్నాడో తెలియలేదు. సుజాత మాత్రం నా చెయ్యి పట్టుకుంది.

అప్పుడు పద్మే అంది, మెల్లగా.

"సరే. కారు ఆరింటికి రమ్మను. అయిదున్నరకు అక్క దొడ్లో చూస్తది. అక్క ఏదంటే అది."

"ఎడమకంటే?" శ్రీను.

"ఆగుతా. అప్పుడాగలా?" చీర కొంగు భుజం మీదికి, ఆ నొప్పి చెయ్యి మీదికి లాక్కుంది. "కాకపోతే ఈసారి నేనూ వస్తా. అక్క పక్కన నిలబడతా."

ఎవరూ కాదనలేదు. అదే ఖాయమైంది. మరిది డ్రైవరుకు ఫోన్ చేసి ఆరింటికి వాకిట్లో ఉండమన్నాడు. సుజాత బ్యాగు సర్దుతోంది — రెండు నైటీలు, తువ్వాలు, రిపోర్టులు, వసారా పిల్లల పలకలూ పుస్తకాలూ దిద్దే పద్మ ఎర్రపెన్ను. రేపు పొద్దున అయిదున్నరకు పద్మా నేనూ తూర్పు ముఖంగా నిలబడాలి. అది కుడికి పోతే ప్రయాణం, ఎడమకు పోతే లేదు.

అసలు రాకపోతే ఏం చెయ్యాలన్నది ఎవరూ అనలేదు. నేనూ అడగలేదు.