మాజీ బావగారి ముందు పన్ను

అక్కకు,

నీ చెల్లి రాస్తున్నది. ఇక్కడ అమ్మా నేనూ కులాసా. అక్కడ నువ్వూ పాపా బాగున్నారనుకుంటున్నాను. అమ్మకి మోకాలి నొప్పి తగ్గిందా అని అడిగావు. నొప్పి తగ్గింది, నోరు తగ్గలేదు. నా వంటకి రోజూ వంకలు పెడుతూనే ఉంది.

రూట్ కెనాల్ చేసిన నీ దవడ పన్నుకి అక్కడి డాక్టరు ఫైబరు పెడతానన్నాడు, నమ్మొచ్చా అన్నావు. నమ్ము. అలాంటి పన్ను లోపల బోలుగా, పెళుసుగా ఉంటుంది. సన్నని గాజు పోగులు కలిపిన ముద్దతో నింపితే, మట్టిలో గడ్డి కలిపి గోడ పెట్టినట్టు, పగులు వచ్చినా పాకకుండా ఆ పోగులు పట్టుకుంటాయి. వేరులో దించే ఫైబరు కడ్డీ కూడా పంటితో పాటే కాస్త వంగుతుంది. ఆ రోజుల్లో నీ ముందు పన్నులో దించింది స్టీలుది, వంగేది కాదు. వేరు నిలువునా చీలి పన్నే పోయింది. కానీ కడ్డీని తిట్టి ఏం లాభం? నీ మొహాన్ని తలుపుకేసి కొట్టినవాడిని తిట్టాలి.

ఫోనులో అతని ఊసెత్తితే పెట్టేస్తావు, అందుకే ఈ ఉత్తరం. చింపకుండా చదువు. పన్ను కట్టించుకోవడానికి అతను మా క్లినిక్‌కే వచ్చాడు.

నన్ను పోల్చుకోలేదు. అతను ఎరిగినది రెండు జడల పిల్లని, ఇక్కడేమో టోపీ, మాస్కు. ఎప్పుడో రూట్ కెనాల్ చేయించుకున్న ముందు పన్నుతో సీసా మూత తీయబోతే సగానికి విరిగిందట. పెళ్లి దగ్గరపడింది, ఫోటోల్లో బాగుండాలన్నాడు. ఆ పెళ్లికూతురు పక్కనే కూర్చుంది. ఆమె ఏదో అనబోతే చెయ్యి కాస్త ఎత్తాడు. ఆమె నోరు మూసుకుంది. ఆ చెయ్యి నాకు తెలియదా?

పాత స్టీలు కడ్డీలు ఇంకా సొరుగులో పడి ఉన్నాయి. ఒకటి దించితే కొన్నేళ్లకి అతని వేరూ చీలవచ్చు, నన్ను అడిగేవాళ్లు ఉండరు. సొరుగు తెరిచాను కూడా. నీతి గుర్తొచ్చి మానలేదు, అన్నేళ్లు ఆగే ఓపిక లేక మానాను.

పన్ను తడిస్తే ముద్ద అతకదు. అందుకని నోటి మీద రబ్బరు తెర బిగించి, పని చేసే పళ్లను మాత్రం బయటికి ఉంచుతాం. తెర ఉన్నంతసేపూ మనిషి మాట్లాడలేడు. ఫైబరు కడ్డీ అతికించి, మొదటి పొర గట్టిపడేలా నీలం లైటు పట్టి, అప్పుడు మాస్కు దించాను.

“గుర్తుపట్టారా బావగారూ? మీ మొదటి భార్య చెల్లెల్ని. కదలకండి, పన్ను వంకరపోతుంది.”

ఒక్కో పొర వేస్తూ తీరిగ్గా అంతా చెప్పాను. తలుపు, నెత్తురు, నువ్వు బాత్రూములో జారిపడ్డావని అతను అందరికీ చెప్పిన అబద్ధం. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. లేచిపోదామంటే సగం పన్నుతో పెళ్లిపీటల మీద కూర్చోవాలి. నిన్ను నోరు మూసుకోమన్నవాడు నోరు తెరుచుకుని విన్నాడు. నా కడుపు చల్లబడింది అక్కా.

ఆ పిల్ల లేచి, “ఒక్కసారేనా?” అని అడిగింది.

“పన్ను పోయింది ఒక్కసారే,” అన్నాను. ఆమె సంచీ తీసుకుని వెళ్లిపోయింది.

పోగులు పైకి తేలితే గరుకుగా నాలుకకి తగులుతాయి. ఆ పాటి శిక్ష కూడా వేయలేదు. పైన మామూలు ముద్ద పొర వేసి నున్నగా మెరుగుపెట్టాను. ఇంత మంచి పన్ను నేను ఎవరికీ కట్టలేదు. అది పదికాలాలు ఉండాలి. అద్దంలో చూసుకున్నప్పుడల్లా నా మాటలు వినపడాలి.

ఇక అసలు సంగతి. ఎవరికీ చెప్పనని అమ్మ మీద ఒట్టు వేయించుకున్నావు. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాను. అది చాలక ఆ పెళ్లికూతురికి నీ నంబరు కూడా ఇచ్చాను. అతను వెళ్లాక ఆ పిల్ల మళ్లీ వచ్చింది. “పెళ్లి వద్దంటే నా మాట నాన్న నమ్మరు. మీ అక్కగారు ఆయనతో ఒక్కమాట చెబుతారా?” అంది. ఈ ఉత్తరం నీకు అందేదాకా ఆగమన్నాను.

నన్ను ఎంత తిట్టినా పడతాను. కానీ నీ పెళ్లికి ముందు కూడా అతని సంగతి తెలిసినవాళ్లు ఎవరో ఒకరు ఉండే ఉంటారు. మనకి ఒక్కరూ చెప్పలేదు. ఫోను మోగితే ఎత్తు.

ఇట్లు,
ఒట్టు తప్పిన నీ చెల్లి