వానలో సుజాత పాట

ఆదివారం, రాత్రి

గొంతు నొప్పితో ఆరు నెలలు పాట మానేసిన సుజాత, ఈ సాయంత్రం బంగారుపాళ్యంలో మళ్లీ మా ఆర్కెస్ట్రా స్టేజీ ఎక్కింది. రెండో పాటకే వాన దిగింది. షాక్ కొడుతుందని మైకులు ఆపించి, నా కీబోర్డు మీద టార్పాలిన్ పట్ట కప్పేశాను. జనం మాత్రం వెళ్లిపోలేదు. ప్లాస్టిక్ కుర్చీలు నెత్తిన పెట్టుకొని నిలబడ్డారు.

"పాడు తల్లీ, మేం యాడికీ పోము!" అని ఒక అవ్వ అరిచింది.

వద్దని నేను సైగ చేస్తే నా పెళ్లాం వింటేగా! వట్టి డోలక్ మీద పాట మొత్తం పాడేసింది.

ఇంటికొచ్చేసరికి గొంతు బొంగురుపోయింది. మిరియాల పాలు తాగుతూ మెల్లగా అడిగింది.

"ఏమయ్యా, ఎనకాల ఉండేవాళ్లకు ఇనపడిందా?"

"బాగా ఇనపడింది" అన్నాను.

పక్కనే నిలబడ్డ నాకే వాన హోరులో సగం వినపడలేదు. నా మాట నమ్మి నవ్వుకుంటూ నిద్రపోయింది. పొద్దున్నకు గొంతు పెగులుతుందో లేదో…