రాహుకాలం దాటాక ఎక్కిన హైవే

తమ్ముడు రామానికి,

నేడు నీ ప్రథమాబ్దికం. పోయినవానికి పిండం పెట్టి, ఉన్నవాడు తన తప్పు ఒప్పుకోవలసిన తిథి.

ద్రాక్షతోటల నడుమ పాత రైలుకట్టపై వేసిన మన సైకిలుబాట ఈ ఉదయం పూర్తయింది. మధ్యలో తెగిపోయి, సైకిళ్ళను హైవే ఎక్కించిన ఆ రెండు కిలోమీటర్లనూ ఎట్టకేలకు కలిపారు. రిబ్బను కత్తిరించిన అధికారి వైను రుచిచూడ వచ్చే పర్యాటకులను కొనియాడాడు. ఆ ముక్క కలపమని నీవు రాసిన అర్జీల ఊసెత్తలేదు. లారీ నిన్ను గుద్దినచోట పూలకుండీ పెట్టించి, అందంగా ఉందన్నాడు. నా ఒళ్ళు మండింది.

ఆ మంటలో సగం నాకే చెందాలి. ఆ సోమవారం ఎనిమిదింటికే బయలుదేరుదామన్నావు. రాహుకాలమని తొమ్మిదిదాకా ఆపాను. "అన్నయ్యా, రాహువుకి సైకిలు తొక్కడం రాదు, మనల్నేం పట్టుకుంటాడు?" అని నవ్వుతూనే నాకోసం ఆగావు. సరిగ్గా ద్రాక్షలారీలు తిరిగే వేళకు హైవే ఎక్కాం. ఇన్ని శాస్త్రాలు చదివి, కోతల కాలంలో లారీల వేళ ఏదో కనుక్కోని మూర్ఖుణ్ణి నేను.

ఇవాళ రిబ్బను తెగాక నీ కూతురు మేఘన సైకిలెక్కి, "పెదనాన్నా, రాహుకాలం ఓవరా? వెయిట్ చెయ్యాలా?" అంది. ఎకసెక్కం కాదు, నిజంగానే అడిగింది.

"వెళ్ళమ్మా" అన్నాను. పంచాంగం తీయలేదు.

ఈ బాటన సాగే పిల్లలెవరికీ దారి తెగకుండుగాక. పెద్దల మాట వారి ప్రాణం మీదికి రాకుండుగాక.