టేపు పెట్టకుండా కొన్న కార్డు

అన్నయ్యా,

ఫోన్ చేస్తే ఎత్తవు, మెసేజ్ పెడితే చూసి కూడా పలకవు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. కవరు వదిన చేతికే వస్తుంది కాబట్టి అందలేదని బుకాయించడానికి నీకు వీలుండదు. ముందే చెబుతున్నా, ఇది నిన్ను బతిమాలి వెనక్కి పిలిచే ఉత్తరం కాదు. నాకు కావలసింది పాస్‌వర్డ్. మన షెడ్డులో కంప్యూటర్‌కి నువ్వు పెట్టిన పాస్‌వర్డ్.

మొదటినుంచీ చెబితేగాని నీకు ఎక్కదు. పళ్ళ డాక్టరమ్మ కొత్త క్లినిక్ పెట్టుకుంటోంది. బీరువాలు, సొరుగులు, ముందు కౌంటరు, అన్నీ మనకే ఇస్తానంది. కాకపోతే ఆవిడకి మామూలు బొమ్మ చాలదట. తలుపు తోసుకుని లోపలికి నడిచి వెళుతున్నట్టు, ఏ లైటు వేస్తే ఏ చెక్క ఎలా మెరుస్తుందో తెర మీద కనపడాలట. నువ్వు చేరిన ఆ పెద్ద ఫర్నిచర్ కంపెనీవాళ్ళు అలాగే చూపించారట. మన ముసలి కంప్యూటర్ సంగతి నీకు తెలియనిదా? ఒక్క సొరుగు తిప్పి చూపించమంటే ఆయాసపడి ఆగిపోతుంది. ఈ పని గనక పోతే షెడ్డు మూసేసి ఎక్కడో ఒకచోట ఉద్యోగంలో చేరిపోతాను. నీ కోత మెషిన్ కొనేవాడితో మాట్లాడాను కూడా.

అందుకని గ్రాఫిక్స్ కార్డు కొన్నాను. బొమ్మల బరువంతా అదే మోస్తుంది, మిగతా కంప్యూటర్ పాతదైనా ఫరవాలేదు అన్నారు. ఉత్సాహంగా పెట్టె విప్పి లోపల కూర్చోబెట్టబోతే పట్టదు! హార్డ్ డిస్కు ఉండే రేకు గూటికి వెళ్ళి గుద్దుకుంటోంది. రెండు వేళ్ళంత పొడుగెక్కువ. నవ్వుకో, కడుపుబ్బ నవ్వుకో. ప్రతి ఇంట్లోనూ గోడకి కొలత టేపు పెట్టనిదే చెక్క ముట్టనివ్వని దాన్ని, నువ్వు కొలిచి చెప్పాక కూడా మళ్ళీ కొలిచేదాన్ని, సొంత కంప్యూటర్‌కి టేపు పెట్టకుండా కార్డు కొనుక్కొచ్చాను. వెనక్కిద్దామంటే సీలు విప్పేశారు, తీసుకోం అన్నారు. కోపమొచ్చి నీ ఇనప రంపంతో ఆ గూడు కోసేశాను. మిగిలిన ప్లైవుడ్ ముక్కతో హార్డ్ డిస్కుకి చిన్న అర చేశాను. వంకరగా వచ్చింది.

సరే, కార్డు పట్టింది కదా అనుకుంటే దానికి విడిగా కరెంటు తీగ కావాలట. మన పాత పవర్ సప్లైలో ఆ తీగే లేదు. అదీ కొత్తది కొన్నాను. ఫ్యాను తిరిగింది, లైటు వెలిగింది, తెరలో మాత్రం నా మొహం తప్ప ఏమీ కనపడలేదు. కేబుల్ పాత చోట పెడితే ఎప్పటిలాగే బొమ్మ వస్తోంది, కార్డుకి పెడితే చీకటి. తీయడం, తుడవడం, మళ్ళీ పెట్టడం. తల ప్రాణం తోకకొచ్చింది. ఆఖరికి కంప్యూటర్ షాపాయన్ని పిలిచాను. ఆయన కాసేపు కెలికి, "కార్డుకేం రోగం లేదమ్మా. ఇందులో పాత డిస్‌ప్లేనే వాడమని సెట్ చేసి పెట్టేశారు. మారుద్దామంటే లోపలి సెట్టింగుల్లోకి పోనివ్వట్లేదు, పాస్‌వర్డ్ అడుగుతోంది. ఏంటది?" అన్నాడు.

"నాకు తెలీదండీ" అన్నాను.

"అదేంటమ్మా, రోజూ దీని ముందు కూర్చునేది మీరేగా!"

ఆయన మామూలుగానే అన్నాడు. నాకే ఒళ్ళు మండిపోయింది, ఆ మంటలోనే ఏడుపొచ్చింది. ఆ కంప్యూటర్ ముందు కూర్చుని కూర్చుని నా నడుము పడిపోయింది. దానికి తాళం వేసి, వేశానని కూడా చెప్పకుండా ఇన్నేళ్ళు ఎలా ఊరుకున్నావు? షెడ్డు తాళంచెవి నాకిచ్చావు, కస్టమర్లని నాకు వదిలేశావు, ఈ ఒక్కదాంట్లో నేను వేలు పెడితే పాడుచేస్తాననుకున్నావా? వెళ్ళేటప్పుడు నువ్వన్న మాటలు నేను పట్టించుకోలేదు. కోపంలో ఎవరైనా అంటారు. ఇది మాత్రం కోపంలో చేసిన పని కాదు కదా. నిదానంగా కూర్చుని, ఆలోచించి చేసిన పని. అదే నాకు మింగుడుపడటం లేదు.

పాస్‌వర్డ్ ఒక్కటీ రాసి పంపు. ఇంకేమీ రాయనక్కర్లేదు.

నీ చెల్లెలు

*

టేపమ్మకి,

నీ ఉత్తరం మీ వదిన గట్టిగా చదివి వినిపించింది. నీకంటే ఎక్కువ కోపంతో చదివింది. అన్నం ముందు తల వంచుకుని కూర్చున్నాను.

పాస్‌వర్డ్ నాకు గుర్తు లేదు. ఒట్టు. ఆ తాళం వేసింది మాత్రం నీ మీద కాదు. మీ వదిన తమ్ముడు పనిలేక కొన్నాళ్ళు మన షెడ్డుకొచ్చి కూర్చునేవాడు కదా, వాడి మీద. నువ్వు భోజనానికి లేవగానే వాడు ఆటలు పెట్టేవాడు. ఆట వేగంగా రావాలని లోపల ఏవేవో మార్చేసేవాడు. ఒకరోజు నీ బొమ్మలు ఒక్కటీ తెరుచుకోలేదు. నీ చేతి తప్పేననుకుని ఎంత ఏడిచావో! నీకు నిజం చెబితే మీ వదినకి తెలుస్తుంది, ఆవిడకి తెలిస్తే ఇంట్లో నిప్పు. నోరుమూసుకుని తాళం వేసేశాను. ఇప్పుడు ఈ ముక్క రాస్తుంటే ఆవిడ పక్కనే ఉంది. "అప్పుడే చెబితే వాడి చెవి మెలేసేదాన్నిగా" అంటోంది.

ఎలాగూ రాస్తున్నాను కాబట్టి ఇంకోటి. నేను కొలిచి గోడ మీద పెన్సిల్ గీత పెట్టాక, కస్టమర్ చూస్తుండగా నువ్వు మళ్ళీ టేపు తీసేదానివి. ప్రతిసారీ. నా గీత ఒక్కసారైనా తప్పయిందా? నవ్వుతూ నిలబడేవాణ్ణి గాని లోపల ఉడికిపోయేవాణ్ణి. నేను వెళ్ళిపోయింది జీతానికి కాదు. తీరా ఇక్కడ కొలిచే పనే లేదు. పెట్టెల్లో వచ్చిన పలకలకి మరలు బిగించడం, అంతే.

కంప్యూటర్ కరెంటు తీగ పీకేసి, మదర్‌బోర్డు మీద చొక్కా గుండీలాంటి గుండ్రటి బ్యాటరీ ఉంటుంది చూడు, అది ఊడదీసి కాసేపాగి మళ్ళీ పెట్టు. తాళం పోతుంది, కార్డుని అదే వెతుక్కుంటుంది. మీ షాపాయనకి ఈ మాత్రం తెలియదా?

కోత మెషిన్ అమ్మేశావా? అమ్మకు.

అన్నయ్య

*

అన్నయ్యా,

షాపాయనకి తెలుసు. పాస్‌వర్డ్ ఏంటని అడిగిన మరుక్షణమే బ్యాటరీ ఊడదీశాడు. నీకు మొదటి ఉత్తరం రాసేటప్పటికే కార్డు చక్కగా పనిచేస్తోంది. పాస్‌వర్డ్ నాకెందుకు? తాళం ఎవరి మీద వేశావో నీ నోటితో వినాలనుకున్నాను. ఊరికే అడిగితే నువ్వు చెప్పేవాడివా? పని ఆగిపోయిందంటేనే నువ్వు కదులుతావు. అడిగినట్టే పాస్‌వర్డ్ ఒక్కటీ రాసి పంపి ఊరుకుంటావేమోనని భయపడ్డాను. అదే జరిగితే మెషిన్ నిజంగానే అమ్మేసేదాన్ని. ఇప్పుడు అమ్మను. కొంటానన్నవాడు తిట్టుకుంటూ పోయాడు.

డాక్టరమ్మ నిన్న షెడ్డుకొచ్చింది. తెర మీద క్లినిక్ అంతా తిప్పి చూపించాను. ముందు కౌంటరు దగ్గర ఆపమని, దాని గుండ్రటి మూల వైపు వేలు పెట్టి, "బొమ్మలో బాగుంది. చెక్కతో ఇంత నున్నగా వస్తుందా? ఆ కంపెనీవాళ్ళు రాదన్నారే" అంది.

"మా అన్నయ్య చేస్తాడండీ" అనేశాను. ఆవిడ సరేనంది.

నువ్వు రాకపోతే నా మాట పోతుంది. గోడలు ఇంకా కొలవలేదు. సోమవారం మనిద్దరం వెళదాం. టేపు నీ దగ్గరే పెట్టుకో, నేను తేను. నువ్వు పెట్టిన గీత ప్రకారమే నేను బొమ్మ గీస్తాను.

టేపమ్మ